మెరినో ఉన్ని బట్టలు ఉతికితే ఎందుకు కురచవుతాయి?

క్లుప్తంగా: మెరినో ఉన్నిని పాడుచేసేది వేడినీళ్లేనని చాలామంది నమ్మకం. అసలు దెబ్బ తగిలేది తడిగా ఉన్నప్పుడు జరిగే రాపిడి వల్ల. వేడి, ఘాటైన సర్ఫ్ దానికి తోడై నష్టాన్ని పెంచుతాయి. మిషన్‌లో వేయొచ్చా లేదా అన్నది ఆ ఉన్నికి మిల్లులో ఏ ట్రీట్‌మెంట్ చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన వాతావరణంలో ఈ బట్టలకు ఉతుకు ఎంత ప్రమాదమో, వాడకుండా బీరువాలో ఉండే నెలలూ అంతే ప్రమాదం.

ఒకే బట్టకు నాలుగు సలహాలు

అమెరికా, కెనడా, జర్మనీలకు చదువులకో ఉద్యోగాలకో వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో, చలికాలంలో వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రుల బ్యాగుల్లో, హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్ల సామాన్లలో ఇప్పుడు మెరినో థర్మల్సూ సాక్సులూ పల్చటి స్వెటర్లూ మామూలుగానే కనిపిస్తున్నాయి. మామూలు స్వెటర్ కంటే ఖరీదెక్కువ కాబట్టి మొదటి ఉతుకు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. లేబుల్ మీద మిషన్ వాష్ అని ఉంటుంది. షాపులో చేత్తోనే ఉతకమంటారు. ఇంట్లో పెద్దవాళ్లు డ్రై క్లీనింగ్‌కు ఇచ్చెయ్యమంటారు. యూట్యూబ్‌లో ఇంకొకరు అసలు ఉతకాల్సిన పనే లేదంటారు.

ఈ నాలుగూ ఏదో ఒక మెరినో బట్ట విషయంలో నిజమే. చిక్కేమిటంటే, మెరినో అన్నది గొర్రె జాతిని చెబుతుందే తప్ప ఆ ఉన్నిని మిల్లులో ఏం చేశారో చెప్పదు. ఒకే దుకాణంలో పక్కపక్కనే వేలాడే రెండు స్వెటర్లలో ఒకటి మిషన్‌లో యాభైసార్లు తిరిగినా చెక్కుచెదరకపోవచ్చు, రెండోది ఒక్క ఉతుక్కే ఆరేళ్ల పిల్లవాడి సైజుకు దిగిపోవచ్చు.

లేబుల్ చదివినా అనుమానం పూర్తిగా తీరదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1971లో తెచ్చిన కేర్ లేబుల్ నిబంధన ప్రకారం తయారీదారు సురక్షితమైన ఒక్క పద్ధతి రాస్తే సరిపోతుంది. సాధ్యమైన పద్ధతులన్నీ రాయాల్సిన పని లేదు. కాబట్టి కొన్ని లేబుళ్ల మీద డ్రై క్లీన్ అని మాత్రమే ఉన్నంత మాత్రాన నీళ్లు తగిలితే పాడైపోతుందని అర్థం కాదు. కంపెనీ తనకు రిస్కు లేని దారి రాసి ఊరుకుందని అర్థం. గుర్తుల విషయానికొస్తే, నీళ్ల తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తో ఉతకాలి. తొట్టిలో అంకె ఉంటే అంత ఉష్ణోగ్రత దాటకూడదు. తొట్టి కింద ఒక గీత ఉంటే మిషన్‌లో నెమ్మదైన సైకిల్, రెండు గీతలుంటే మరీ నెమ్మదైనది. చదరంలో గుండ్రం గీసి ఇంటూ కొట్టి ఉంటే వేడి డ్రయ్యర్‌లో వేయకూడదు. మెరినో కొన్నవాళ్లు ముందుగా వెతకాల్సింది ఈ ఆఖరి గుర్తు.

పోగు మీది పొలుసులు

మెరినో గొర్రెలు స్పెయిన్‌లో పేరు తెచ్చుకుని, 1797లో ఆస్ట్రేలియా చేరి అక్కడ కోట్లకు పెరిగాయి. ఇవాళ బట్టలకు వాడే సన్న ఉన్నిలో సింహభాగం ఆస్ట్రేలియా నుంచే వస్తోంది. న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా ఆ తర్వాతి వరసలో ఉంటాయి. ఈ ఉన్ని ప్రత్యేకత అంతా సన్నదనంలో ఉంది. మనిషి వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటే, మెరినో పోగు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది. ఒంటికి తగిలేలా వేసుకునే టీషర్టులకు 17 నుంచి 19 మైక్రాన్ల ఉన్ని వాడతారు. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొన వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది. ఉన్ని గుచ్చుకుంటుందనే ఫిర్యాదుకు అదే మూలం.

మన దక్కనీ గొర్రె ఉన్ని 30 మైక్రాన్ల పైమాటే. అందుకే గొంగడి ఒంటికి గరుగ్గా తగులుతుంది, చొక్కా మీదుగా కప్పుకోవడానికి పనికొస్తుంది. తెలంగాణలో కురుమలు దాన్ని గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో గొర్రెల వెంట తిరిగే కాపరికి అదే గొడుగు, అదే పక్క. దాన్ని పొద్దున్నే బకెట్‌లో నానబెట్టి ఉతికేవాళ్లు ఉండరు. ఎండలో వేసి దులుపుతారు. మెరినోకూ దాదాపు ఆ తరహా వాడకమే నప్పుతుంది.

ఉన్ని పోగు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. మన జుట్టు, గోళ్లు కూడా అదే. మైక్రోస్కోప్ కింద చూస్తే పోగు పొడవునా పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. అన్నిటి అంచులూ ఒకే వైపుకు, అంటే పోగు కొన వైపుకు తిరిగి ఉంటాయి. వేళ్లతో మొదలు నుంచి కొసకు నిమిరితే జారుతుంది, ఎదురు నిమిరితే పట్టుకుంటుంది.

ఉతుకులో జరిగేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. తడిసిన ఉన్ని ఉబ్బి మెత్తబడుతుంది, సాగే గుణం పెరుగుతుంది. ఆ స్థితిలో బట్టను రుద్దినా, పిసికినా, తిప్పినా ప్రతి కదలికకూ పోగులు కొద్దికొద్దిగా జరుగుతాయి. పొలుసులు అడ్డం పడడంతో ముందుకు జరిగిన పోగు వెనక్కి రాలేదు. వేల పోగులు ఇలా ఒకదాంట్లో ఒకటి దూరి బిగుసుకుంటాయి. బట్ట కురచై, మందమై, అట్టలా తయారవుతుంది. సన్నపోగు తేలిగ్గా వంగుతుంది కాబట్టి ముతక ఉన్ని కంటే మెరినో త్వరగా అట్టకడుతుంది. ఒంటికి మెత్తగా తగలడానికి ఏ గుణం కారణమో, ఉతుకులో కొంప ముంచేదీ ఆ గుణమే.

దీన్ని కావాలని చేసే చేతిపనీ మన దేశంలో ఉంది. కశ్మీర్‌లో నమ్దా తివాచీ చేసేవాళ్లు ఉన్నిని పొరలుగా పరిచి, సబ్బు నీళ్లు చల్లి, చాపలో చుట్టి కాళ్లతో చేతులతో నొక్కుతూ దొర్లిస్తారు. నేత లేదు, అల్లిక లేదు. తడి, సబ్బు, ఒత్తిడి, కదలిక కలిసి విడి ఉన్నిని గట్టి తివాచీగా మార్చేస్తాయి. వాషింగ్ మిషన్‌లో వేసిన స్వెటర్‌కు జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ ఎవరూ కోరుకోలేదు.

పట్టు కూడా ప్రోటీనే. అయినా పట్టుచీర ఇలా అట్టకట్టదు, పట్టు దారం మీద పొలుసులు లేవు కాబట్టి. పట్టుచీర జాగ్రత్తలే మెరినోకూ సరిపోతాయనుకోవడం సబ్బు విషయంలో సరైనదే గానీ రాపిడి విషయంలో చాలదు.

కురచవడంలో రెండు రకాలు

మొదటి ఉతుకు తర్వాత స్వెటర్ కాస్త చిన్నదైందంటే అది అట్టకట్టిందనే అనుకోనక్కర్లేదు. అల్లేటప్పుడు మిషన్ మీద దారాన్ని లాగి పట్టుకుంటారు. నీళ్లు తగలగానే ఆ బిగువు సడలి కుట్లు తమ సహజ స్థితికి వస్తాయి, బట్ట కొంచెం దగ్గరపడుతుంది. ఇది కాటన్ బనియన్లకూ జరుగుతుంది. తడిగా ఉన్నప్పుడే మెల్లగా సాగదీసి, పరిచి ఆరబెడితే చాలావరకు మళ్లీ కొలతకు వస్తుంది.

రెండోది పైన చెప్పిన అట్టకట్టడం. అది వెనక్కి రాదు. రెండిటి తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. బట్టను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే, మొదటి రకంలో అల్లిక కుట్లు విడివిడిగా కనిపిస్తాయి, వాటి మధ్య నుంచి వెలుగు వస్తుంది. రెండో రకంలో కుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పైన నూగు పరుచుకుని, వెలుగు దాదాపు రాదు. రెండు చేతులతో లాగితే మునుపటిలా సాగదు.

సూపర్‌వాష్: మిల్లులోనే జరిగే పని

మిషన్‌లో వేయొచ్చని రాసి ఉన్న మెరినోలో ఎక్కువ భాగానికి సూపర్‌వాష్ ట్రీట్‌మెంట్ జరిగి ఉంటుంది. అందులో బాగా వాడుకలో ఉన్నది క్లోరిన్-హెర్కోసెట్ పద్ధతి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ కృషితో 1970ల నాటికి పరిశ్రమలో స్థిరపడింది. ముందు క్లోరిన్‌తో పొలుసుల అంచుల్ని అరగదీస్తారు, తర్వాత పోగు మీద ప్లాస్టిక్ లాంటి రెజిన్‌ను అతి పల్చటి పూతగా వేస్తారు. పొలుసు పట్టుకోకపోతే పోగు ముందుకు వెళ్లినా వెనక్కి వస్తుంది, అట్టకట్టదు.

దీనికో ధర ఉంది. మిల్లు నుంచి బయటికి వచ్చే నీళ్లలో క్లోరిన్ కలిసిన సేంద్రియ సమ్మేళనాలు ఉంటాయి, వాటిని శుద్ధి చేయడం ఖర్చుతో కూడిన పని. సేంద్రియ వస్త్రాలకు ఇచ్చే గాట్స్ ధృవీకరణ ఉన్నికి క్లోరిన్ వాడడాన్ని ఒప్పుకోదు. అందుకే ప్లాస్మా, ఓజోన్ పద్ధతులు ముందుకొస్తున్నాయి. ట్రీట్‌మెంట్ చేయని ఉన్ని కావాలని కోరుకునే కొనుగోలుదారులూ పెరుగుతున్నారు. వాళ్లు ఒక సంగతి తెలుసుకుని కొనాలి: పర్యావరణం కోసం క్లోరిన్ వద్దనుకుంటే, ఆ బట్టను చేత్తో ఉతుక్కునే ఓపిక ఉండాలి.

సూపర్‌వాష్ బట్టకు ఇబ్బంది వేరే వైపు నుంచి వస్తుంది. పొలుసుల పట్టు తగ్గిపోవడంతో తడిసినప్పుడు అది సాగిపోతుంది. చేత్తో అల్లుకున్న సూపర్‌వాష్ స్వెటర్‌ను తడిగా దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ల దాకా దిగుతాయి.

సర్ఫ్, కుంకుడుకాయ, బోరు నీళ్లు

కెరటిన్ పడని రసాయనం క్షారం. మామూలు బట్టల సర్ఫ్ నీళ్లలో కలిపితే పీహెచ్ (ఏడు దాటితే క్షారం) పది దాకా, ఒక్కోసారి ఆపైకీ పోతుంది. కాటన్‌కు అది మేలు, మురికిని లాగేస్తుంది. ఉన్ని మాత్రం క్షారంలో ఎక్కువగా ఉబ్బి, పొలుసులు పైకి లేచి, లోపలి గంధకపు బంధాలు బలహీనపడతాయి. అందుకే క్షారం ఎక్కువైన కొద్దీ అట్టకట్టే వేగం పెరుగుతుంది. బట్టల సోడా సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండో శత్రువు ఎంజైములు. మరకలు పోగొడతామని చెప్పే చాలా డిటర్జెంట్లలో ప్రోటీయేజ్ ఉంటుంది. గుడ్డు, రక్తం, పాల మరకల్లోని ప్రోటీన్‌ను కొరకడం దాని పని. ఉన్ని కూడా ప్రోటీనే కాబట్టి మరకకూ బట్టకూ తేడా చూడదు. ఒక్క ఉతుకులో తెలియకపోవచ్చు, పదేపదే వాడితే పోగు పలచబడుతుంది. ఇక క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నిని ఏకంగా కరిగించేస్తుంది. మిశ్రమ గుడ్డలో ఉన్ని ఎంత శాతం ఉందో తేల్చడానికి ల్యాబుల్లో ఆ బ్లీచ్‌లోని హైపోక్లోరైట్‌లో కరిగించి చూసే పరీక్షే ఉంది. తెల్ల సాక్సులని పొరపాటున బ్లీచ్‌లో వేస్తే మిగిలేది నైలాన్ గూడే.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఇంత ప్రమాదం కాదు గానీ వృథా. అది పోగు మీద జిడ్డు పూతలా పేరుకుని చెమట ఆవిరిని పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది. మెరినో కొన్నదే ఆ గుణం కోసం.

వాడదగినవేమిటి? ఉన్నికి, పట్టుకు అని అమ్మే న్యూట్రల్ లిక్విడ్ ఏదైనా సరిపోతుంది, మన దగ్గర ఈజీ లాంటివి కిరాణా కొట్లోనే దొరుకుతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు సీసా మీద వూల్ అని ఉందా, ఎంజైములు లేవా అన్న రెండు విషయాలు చూస్తే చాలు. ఏదీ చేతికి అందకపోతే పిల్లల షాంపూ ఆదుకుంటుంది, జుట్టూ ఉన్నీ ఒకే పదార్థం కాబట్టి.

తెలుగు ఇళ్లలో వీటన్నిటి కంటే పాతది కుంకుడుకాయ. దాని నురగకు కారణం సపోనిన్లు. కుంకుడు రసం క్షారం కాదు, కొంచెం ఆమ్ల గుణం కలది. కాబట్టి ఉన్నికీ పట్టుకూ అది నప్పడం వెనుక కెమిస్ట్రీ ఉంది. పరిమితులూ ఉన్నాయి: జిడ్డు మరకల మీద లిక్విడ్ అంత చురుగ్గా పనిచేయదు, తెలుపు, లేత రంగుల మీద కొద్దిగా గోధుమ ఛాయ వదలొచ్చు. వడకట్టకుండా వాడితే తొక్కల ముక్కలు అల్లికలో ఇరుక్కుంటాయి, వాటిని తీయడానికి రుద్దాల్సి వస్తుంది.

నీళ్ల సంగతి కూడా చూడాలి. రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్లలో, హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో వాడేది ఉప్పు బోరు నీళ్లే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం బట్టల సబ్బుతో కలిసి తెట్టె కడతాయి. ఆ తెట్టె ఉన్ని పొలుసుల మధ్య చేరితే ఆరాక బట్ట గరుగ్గా, బిరుసుగా తయారవుతుంది. లిక్విడ్ డిటర్జెంట్లతో ఈ బాధ తక్కువ. ఆఖరి జాడింపులో బకెట్ నీళ్లకు ఒకటి రెండు చెంచాల వెనిగర్ కలిపితే మిగిలిన క్షారం విరిగిపోతుంది. వాసన గురించి కంగారు పడక్కర్లేదు, ఆరేలోపు పోతుంది.

మిషన్, చెయ్యి, డ్రయ్యర్

చేత్తో ఉతకడం ఎప్పుడూ సురక్షితం, మిషన్ ఎప్పుడూ ప్రమాదం అన్న అభిప్రాయం తప్పు. బండ మీద బాదడం, బ్రష్‌తో రుద్దడం, రెండు చేతులతో మెలిపెట్టి పిండడం అన్నీ చేతి పనులే, మూడూ మెరినోకు విషమే. మంచి ఫ్రంట్ లోడ్ మిషన్‌లో వూల్ సైకిల్ వీటికంటే ఎంతో నయం. ఆ సైకిల్‌లో డ్రమ్ము ఎక్కువ నీళ్లతో, మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ తిరుగుతుంది. బట్ట నీళ్లలో తేలుతూ ఉంటుంది తప్ప ఒరుసుకోదు. మధ్యలో కడ్డీ తిరిగే పాతరకం టాప్ లోడ్ మిషన్‌లో బట్ట ఆ కడ్డీకి చుట్టుకుని నలుగుతుంది. అమెరికా అపార్ట్‌మెంట్ల కామన్ లాండ్రీ గదుల్లో ఇప్పటికీ ఇవి కనిపిస్తాయి. మిషన్ వాష్ అన్న లేబుల్‌ను నమ్మి అందులో వేసినవాళ్లకు నష్టం జరగడంలో వింత లేదు. తప్పనిసరైతే లోపలి వైపు బయటికి తిప్పి, జాలీ సంచిలో వేసి, డెలికేట్ సైకిల్ పెట్టాలి. జీన్సు ప్యాంట్లు, జిప్పులున్న జాకెట్లు తోడు వేయకూడదు.

స్పిన్ గురించి అనవసరపు భయం ఉంది. స్పిన్‌లో బట్ట డ్రమ్ము గోడకు అతుక్కుపోతుంది, పోగులు ఒకదాని మీద ఒకటి కదలవు. కాబట్టి తక్కువ వేగంతో కాసేపు తిప్పడం చేత్తో పిండడం కంటే మేలు. మన సెమీ ఆటోమేటిక్ మిషన్లలో ఈ స్పిన్ తొట్టినే డ్రయ్యర్ అంటాం. అమెరికా, కెనడా ఇళ్లలో డ్రయ్యర్ అంటే వేడిగాలిలో బట్టల్ని ముప్పావుగంట సేపు ఎగరేసి పడేసే మిషన్. ఇక్కడి అలవాటుతో అందులో వేస్తే తడి, వేడి, రాపిడి మూడూ ఒకేచోట కలుస్తాయి. సూపర్‌వాష్ కాని మెరినో అందులోంచి బతికి బయటపడడం అరుదు.

చేత్తో ఉతికితే పద్ధతి ఇది. టబ్‌లో చెయ్యి పెడితే వెచ్చగానూ చల్లగానూ తోచని నీళ్లు, అంటే 30 డిగ్రీల దరిదాపులో, తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చన్నీళ్లనుకుంటే పొరపాటు, అవి తేలిగ్గా 40 దాటుతాయి. అప్పుడు తెల్లవారుజామున పట్టిన నీళ్లే వాడాలి. లిక్విడ్ ఒక మూత ముందే కలిపి, తర్వాత బట్ట ముంచాలి. అరచేతులతో కిందికి అదిమి వదలాలి. అదిమినప్పుడు మురికి నీళ్లు బయటికొస్తాయి, వదిలినప్పుడు కొత్త నీళ్లు లోపలికి వెళ్తాయి. శుభ్రం చేసే పనంతా ఈ రాకపోకలదే, రుద్దడంతో పని లేదు. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. రాత్రంతా నానబెట్టడం వల్ల రంగు దిగడం తప్ప లాభం లేదు. జాడించే నీళ్లు కూడా ఇంచుమించు అదే వెచ్చదనంలో ఉంటే మంచిది. బయటికి తీసేటప్పుడు భుజాలు పట్టి లేపితే నీళ్ల బరువుకు సాగిపోతుంది. రెండు చేతులూ కింద పెట్టి ముద్దగా ఎత్తాలి.

ఆరబెట్టడం

తడి ఉన్ని పొడి ఉన్ని కంటే బలహీనం, పైగా బోలెడు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. దండెం మీద వేస్తే ఆ బరువంతా భుజాల దగ్గర, క్లిప్పులు పెట్టినచోట పడుతుంది. పెద్ద తుండుగుడ్డ మీద బట్టను పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, మోకాలితో అదిమితే సగం నీళ్లు తుండు పీల్చేస్తుంది. తర్వాత పొడి తుండు మీదో, నులక మంచం మీదో పరిచి, చేతుల పొడవు, నడుము వెడల్పు చేత్తో సరిచేసి వదిలేయాలి. మంచమైతే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది.

నీడే మేలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఉన్నిలోని ప్రోటీన్‌ను దెబ్బతీసి తెల్ల ఉన్నిని పసుపు పట్టిస్తాయి. ముదురు రంగులు వెలుస్తాయి. విజయవాడ ఎండకు ఒక్క రోజులో ఏమీ కాకపోయినా అలవాటుగా చేస్తే తేడా తెలుస్తుంది. వానాకాలంలో అసలు సమస్య రివర్స్: గాలి ఆడక రెండు రోజులైనా ఆరదు, ముక్క వాసన పడుతుంది. ఫ్యాన్ కింద పరచడం తప్ప అడ్డదారి లేదు. ఇస్త్రీ చేయాలనిపిస్తే పెట్టె మీద వూల్ గుర్తు దగ్గర పెట్టి, పైన పల్చటి తడిగుడ్డ వేసి ఆవిరితో అద్దాలి. నిజానికి మెరినో ముడతలు స్నానాల గదిలో ఆవిరి తగిలేలా వేలాడదీస్తేనే చాలావరకు పోతాయి.

ఎన్నాళ్లకోసారి ఉతకాలి

చెమట పట్టిన బట్టను ఉతక్కుండా మళ్లీ వేసుకోమంటే మన వాతావరణంలో పెరిగినవాళ్లకు మింగుడుపడదు. అయితే దీని వెనక పరిశోధన ఉంది. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో చంక చెమట పట్టిన ఉన్ని, కాటన్, పాలిస్టర్ గుడ్డల్ని పోల్చారు. పాలిస్టర్ వాసన అన్నిటికంటే ఎక్కువ, ఉన్నిది అన్నిటికంటే తక్కువ. ఆ గుడ్డల మీద ఉన్న బ్యాక్టీరియా లెక్కకూ వాసన తీవ్రతకూ పొంతన కుదరలేదు. అంటే ఉన్ని సూక్ష్మక్రిముల్ని చంపుతుందన్న ప్రచారానికి ఇది ఆధారం కాదు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని లోపలికి పీల్చుకోగలదు, వాసన కలిగించే అణువుల్ని కూడా లోపలే బంధించి ఉంచుతుంది. ఉతికినప్పుడు అవి బయటికి పోతాయి. పాలిస్టర్ ఆ అణువుల్ని పైనే పట్టుకుని గాలిలోకి వదులుతూ ఉంటుంది.

దీన్నిబట్టి చలిదేశాల్లో మెరినో టీషర్టును నాలుగైదు సార్లు వేసుకున్నాక, పైన వేసే స్వెటర్‌ను అంతకంటే ఎక్కువసార్లు వేసుకున్నాక ఉతకడం సబబే, మధ్యలో రాత్రిపూట గాలికి వేలాడదీస్తే చాలు. సాక్సులు, లోదుస్తులకు ఇది వర్తించదు. హైదరాబాద్ మార్చిలో పరిగెత్తడానికి మెరినో వేసుకునేవాళ్లకూ వర్తించదు. చెమట బాగా పట్టినప్పుడు కనీసం ఉత్త నీళ్లలోనైనా జాడించాలి.

డ్రై క్లీనింగ్ ఈ విషయంలో అక్కరకు రాదు. అక్కడ వాడేది నీళ్లు కాదు, ద్రావకం. నూనె, గ్రీజు మరకలు బాగా పోతాయి, చెమట ఉప్పులు పూర్తిగా పోవు. అమెరికాలో ఎక్కువగా వాడే పెర్క్ అనే ద్రావకాన్ని డ్రై క్లీనింగ్ నుంచి పదేళ్లలో తప్పించాలని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. దాంతో నీళ్లతోనే శుభ్రం చేసే ప్రొఫెషనల్ వెట్ క్లీనింగ్ పెరిగే అవకాశం ఉంది. లోపల కాన్వాస్, భుజాల ప్యాడ్లు ఉన్న ఉన్ని కోటుకు మాత్రం ఇప్పటికీ డ్రై క్లీనింగే సరైన దారి, నీళ్లు తగిలితే ఒక్కో పొర ఒక్కోలా ముడుచుకుంటుంది.

ఉండలు, చిల్లులు

చంకల కింద, పక్కల్లో చిన్న చిన్న ఉండలు కడితే నాసిరకం అంటగట్టారని అనుకోవడం మామూలే. పొట్టి పోగులు రాపిడికి బయటికొచ్చి చుట్టుకోవడమే అది. కొత్తలో ఎక్కువ, ఆ పొట్టి పోగులు అయిపోయాక తగ్గుతుంది. చేత్తో పీకితే పొడుగు పోగులు కూడా ఊడొస్తాయి. బట్టల షేవర్‌తోనో దువ్వెనతోనో తీయాలి.

చిల్లుల విషయంలో నేరస్థుణ్ని గుర్తుపట్టడం ముఖ్యం. పల్చటి మెరినో టీషర్టుల్లో, అంటే చదరపు మీటరుకు 150 గ్రాముల రకంలో, బొడ్డు దగ్గర గుండుసూది తలకాయంత చిల్లులు వరసగా కనిపిస్తే అవి బెల్టు బకిల్, జీన్సు గుండీ రాపిడివి. వీపు మీదైతే బ్యాగు పట్టీ. బీరువాలోంచి తీసిన బట్టలో ఎక్కడపడితే అక్కడ, అంచులు కొరికినట్టు, పక్కన ఇసుకలాంటి పొడితో కనిపిస్తే అది చిమ్మట పని.

పది నెలలు బీరువాలో

విజయవాడలోనో వరంగల్‌లోనో మెరినోకు డిసెంబరు, జనవరి తప్ప పని లేదు. మిగతా పది నెలలు మడతలోనే. బట్టను తినేది ఎగిరే చిమ్మట కాదు, దానికి తినే నోరే లేదు. గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులు తింటాయి. కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు పిల్లలు కూడా అంతే. కెరటిన్‌ను అరిగించుకోగలిగిన కొద్దిపాటి జీవుల్లో ఇవి ఉన్నాయి. కెరటిన్ ఒక్కటే వాటికి పూర్తి ఆహారం కాదు, చెమట, కూర మరకల్లోని పోషకాలు తోడైతే బాగా పెరుగుతాయి. దాచే ముందు ఉతకమనడానికి అసలు కారణం ఇదే. ఒక్కసారే వేసుకున్న స్వెటర్‌ను శుభ్రంగానే ఉందని మడతపెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఉతికి, పూర్తిగా ఆరాక, జిప్ ఉన్న కవర్లోనో గట్టి మూత డబ్బాలోనో పెట్టాలి. కొంచెం తడి మిగిలినా వానాకాలానికి బూజు పడుతుంది. హ్యాంగర్‌కు వేలాడదీస్తే భుజాలు సాగుతాయి, మడతే మంచిది. దసరాకో దీపావళికో బీరువా సర్దేటప్పుడు ఒకసారి తీసి దులిపితే పురుగుల గుడ్లు రాలిపోతాయి.

కలరా ఉండలు పనిచేస్తాయి, అయితే మూసిన డబ్బాలో ఆవిరి గట్టిగా చేరినప్పుడే. తలుపులు తెరుచుకుంటూ ఉండే బీరువాలో రెండు ఉండలు వేస్తే వాసన మిగులుతుంది, పురుగులూ మిగులుతాయి. వాటిలోని నాఫ్తలిన్, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించిన పిల్లలకు, ముఖ్యంగా పసికందులకు, రక్తకణాలు విరిగిపోయేంత ప్రమాదకరం. కలరా ఉండల మధ్య దాచిన దుప్పట్లనూ స్వెటర్లనూ ఉతక్కుండా నేరుగా బాలింతల గదిలోకి తేకూడదు. వేపాకు, లవంగాల వాసన ఎగిరే చిమ్మటల్ని కొంత దూరం పెట్టొచ్చు. ఉన్నిలో ఇప్పటికే ఉన్న పురుగుల్ని చంపుతుందని ఆశపడకూడదు.

పురుగు పట్టిందని అనుమానం వస్తే ఫ్రీజర్ మంచి మందు. బట్టను గాలి చొరని కవర్లో పెట్టి −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే ఆవిరి పట్టి బట్ట తడుస్తుంది. ఫ్రీజర్‌లో కారప్పొడి, చింతపండు పక్కన స్వెటర్ పెట్టడానికి ఇంట్లో ఒప్పించడం వేరే విషయం.

ముడుచుకుపోయాక ఏం మిగులుతుంది

కండిషనర్ కలిపిన నీళ్లలో నానబెట్టి సాగదీస్తే పాత సైజుకు వస్తుందన్న చిట్కా బాగా తిరుగుతోంది. కండిషనర్ పోగుల మీద జారుడు పూత వేస్తుంది, నీళ్లు పోగులోని హైడ్రోజన్ బంధాల్ని సడలిస్తాయి. బిగువు సడలి చిన్నదైన బట్టకు, అప్పుడప్పుడే అట్టకట్టడం మొదలైన బట్టకు దీనివల్ల కొంత ఫలితం ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచి, తుండులో అదిమి, కొలతకు సాగదీసి, అంచుల్ని పిన్నులతో తుండుకు గుచ్చి ఆరబెట్టాలి. పూర్తిగా అట్టకట్టినదాంట్లో పొలుసులు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి, వాటిని విడదీసే మందు లేదు. బలంగా లాగితే బట్ట సాగదు, చిరుగుతుంది.

అయితే అట్టకట్టిన ఉన్నికి ఒక లాభం ఉంది, కత్తిరిస్తే అంచు దారాలు ఊడిరావు. ఆస్ట్రియాలోని టైరోల్ కొండల్లో ఇలా కావాలని అట్టకట్టించిన లోడెన్ గుడ్డతో శతాబ్దాలుగా కోట్లు కుడుతున్నారు, అది గాలినీ వాననూ ఆపుతుంది. పాడైన స్వెటర్ చేతుల్ని కోసి చిన్నపిల్లలకు కాలిజోళ్లు చేయొచ్చు, నడుము భాగంతో వేడి గిన్నెల కింద వేసే గుడ్డలు, బూట్లలో వేసే అట్టలు వస్తాయి. సూపర్‌వాష్ స్వెటర్‌తో ఇది కుదరదు, కత్తెర తగిలిన చోటల్లా కుట్లు విడిపోతాయి.